‘మీ ఇల్లే అనుకో’ అని మాత్రం అనకండి

ప్రశ్న: మేము అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేప్ కాడ్‌లో ఉంటున్నాం. మా వారు డాక్టరు. పద్నాలుగేళ్ల అమ్మాయి, పదేళ్ల అబ్బాయి ఉన్నారు. ఇక్కడ ప్రతి వేసవిలోనూ కాలేజీ కుర్రాళ్ల బేస్‌బాల్ లీగ్ జరుగుతుంది. ఆటగాళ్లు దేశం నలుమూలల నుంచి వచ్చి, రెండు నెలలు స్థానికుల ఇళ్లలో ఉండి ఆడి వెళతారు. మా బాబు వెళ్లే శిక్షణ శిబిరంలో పరిచయమైన ఒకావిడ జట్టు తరఫున ఇళ్లు వెతుకుతున్నారు. టెక్సస్ నుంచి వచ్చే ఇరవై ఏళ్ల కుర్రాడిని మా ఇంట్లో ఉంచుకుంటారా అని అడిగారు. మా వారు అక్కడికక్కడే సరే అనేశారు. బాబు గంతులేస్తున్నాడు. ఈ వేసవికే రాజమండ్రి నుంచి మా అత్తగారు వస్తున్నారు. సంగతి విని, ‘ఎదిగే ఆడపిల్ల ఉన్న ఇంట్లోకి ఊరూ పేరూ తెలియని కుర్రాడా?’ అన్నారు. పైగా మేము శాకాహారులం. కాదనడానికి మొహమాటం, అవుననడానికి భయం. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కేప్ కాడ్

సమాధానం: మీ ఉత్తరంలో ఇంట్లో అందరి మాటా ఉంది. మీ వారు సరే అన్నారు, బాబు గంతులేశాడు, అత్తగారు వద్దన్నారు. మీకేమనిపిస్తోందో ఒక్క ముక్క లేదు. అదనంగా వండాల్సింది, గది సర్దాల్సింది, రాత్రి పదకొండుకు తలుపు చప్పుడైతే లేవాల్సింది ఎవరో మీరూ నేనూ ఎరుగుదుం. అందుకని మొదటి పని, మీ వారిని ఒక సాయంత్రం కూర్చోబెట్టి, ఆయన అన్న ‘సరే’లో ఆయన వాటా ఎంతో అడగండి. ఆసుపత్రి పనివేళలు చూపించి తప్పించుకునేటట్టయితే, ఆ ‘సరే’ని ఆయన చేతే వెనక్కి తీయించండి. ఇళ్లు వెతికే వాళ్లు ఏప్రిల్‌లో ‘వద్దు’ అంటే ఏమీ అనుకోరు, ఇంకో ఇల్లు చూసుకుంటారు. జూన్‌లో అంటేనే వాళ్లకు కాళ్లూ చేతులూ ఆడవు.

ఇక నా సలహా అడిగారు కనుక చెబుతున్నాను. ఉంచుకోండి. మీ భయాల్లో కొన్ని న్యాయమైనవే, వాటికి ఏర్పాట్లున్నాయి. అసలు చిక్కు మీరు చివర్లో అలవోకగా రాసిన ఆ మొహమాటంతోనే.

ఒకప్పుడు మేము విస్కాన్సిన్‌లో ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. అక్కడా ఇలాంటి కాలేజీ కుర్రాళ్ల వేసవి లీగే ఉంది. రెండున్నర నెలల్లో 70 దాకా ఆటలు, రాత్రంతా బస్సు ప్రయాణాలు. రెండు వేసవులు మా ఇంట్లో ఆటగాళ్లు ఉన్నారు. మొదటి కుర్రాడు గుమ్మంలో అడుగు పెట్టగానే నేను మన అలవాటు కొద్దీ, ‘ఇది మీ ఇల్లే అనుకో నాయనా’ అన్నాను. మనలో ఆ మాట అన్నవాళ్లకూ విన్నవాళ్లకూ దాని కొలత తెలుసు. ఆ అబ్బాయికి తెలియదు. అతను నిజంగానే తన ఇల్లే అనుకున్నాడు. ఒక శ్రావణ శుక్రవారం నాడు పేరంటాళ్లు నలుగురు ముందు గదిలో కూర్చుని ఉండగా, ఆట గెలిచిన ఉత్సాహంలో వేయించిన కోడిమాంసం బకెట్టు తెచ్చి, పులిహోర గిన్నె పక్కనే పెట్టి, అందరినీ తీసుకోమని ఎంతో ఆప్యాయంగా బతిమాలాడు. ఆ పూట నాకు అతని మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. తీరా ఆలోచిస్తే, ఇంట్లోకి మాంసం తేవద్దని నేను ఏనాడూ చెప్పలేదు. చెబితే బాగుండదని ఊరుకున్నాను. అతను ఊహించుకోవాలనుకున్నాను. ఊహించుకోకపోవడం అతని తప్పు కాదు.

ఇంకో పక్క కూడా ఉంది. మనం ‘ఇంకొంచెం వడ్డించనా’ అంటే మన వాళ్లు ‘వద్దండీ’ అంటారు, మళ్లీ అడిగితే ‘చాలు చాలు’ అంటారు, మూడోసారికి విస్తరి ముందుకు జరుపుతారు. ఆ కుర్రాళ్లు ఒక్కసారి ‘వద్దు’ అంటే అది నిజంగా వద్దే. వారం రోజులు నేను ముఖం మాడ్చుకుని తిరిగాను, నా వంట నచ్చలేదేమోనని. కడుపు నిండిందని తప్ప అతను ఇంకేమీ చెప్పలేదు. కాబట్టి మీ ఇంట్లో ఏది కుదురుతుందో, ఏది కుదరదో మొదటి రోజే, నవ్వుతూనే, కాగితం మీద రాసి మరీ చెప్పండి. అతనికది అవమానంగా తోచదు. ప్రాణం తెరిపిన పడుతుంది. కాలేజీలో కోచ్ చేసేదీ అదే.

ఈ ఏర్పాటు ఎందుకుందో మీ అత్తగారికి చెప్పడం అవసరం. లేకపోతే ఆవిడ దీన్ని గతిలేని పిల్లవాడికి చేసే దానం అనుకుంటారు, లేదా మీ వారి వెర్రి అనుకుంటారు. మీ లీగులో పది జట్లు. జట్టుకు ముప్పై మంది దాకా కుర్రాళ్లు. జూన్ మధ్య నుంచి ఆగస్టు మొదటి వారాల దాకా, జట్టుకు సుమారు 40 ఆటలు. జీతం లేదు. చూడటానికి టిక్కెట్టు కూడా లేదు, ఎవరికి తోచింది వాళ్లు చందా వేస్తారు. సముద్రపు ఒడ్డు ఊళ్లు కావడం వల్ల సరిగ్గా ఆ రెండు నెలలే అక్కడ అద్దె గది దొరకడం గగనం. ఆ ఊరి ఇళ్లు తలుపులు తెరవకపోతే ఆ లీగే లేదు.

మరి జీతం లేని ఆటకు అంత దూరం నుంచి ఎందుకొస్తారంటే, కొయ్య బ్యాటు కోసం. కాలేజీ ఆటల్లో వాడేది లోహపు బ్యాటు. బంతి కాస్త అటూ ఇటూ తగిలినా దూరం పోతుంది. వృత్తి ఆటగాళ్లు వాడేది కొయ్యది. కేప్ కాడ్ లీగ్ 1985లో మళ్లీ కొయ్య బ్యాటుకు మారింది. అప్పటి నుంచి పెద్ద జట్ల తరఫున ఆటగాళ్లను వెతికే స్కౌట్లు మీ ఊరి మైదానాల గట్ల మీద కుర్చీలు వేసుకుని కూర్చుంటున్నారు. 2022లో ఒకే సీజన్‌లో 62 హోమ్‌రన్లు (క్రికెట్ సిక్సర్ల లాంటివి) కొట్టి, వృత్తి బేస్‌బాల్‌లోని అమెరికన్ లీగ్ రికార్డు తిరగరాసిన ఆరన్ జడ్జ్, 2012 వేసవిలో అక్కడే బ్రూస్టర్ జట్టుకు ఆడిన ఇరవై ఏళ్ల కాలేజీ కుర్రాడు. మీ ఇంటికొచ్చే అబ్బాయికి ఆ రెండు నెలలు ప్రవేశ పరీక్షల లాంటివి, అదీ రోజుకో పరీక్ష.

మీ అత్తగారితో ఇంగ్లీషు మాటలు వద్దు. ‘వారాలబ్బాయి’ అనండి. రాజమండ్రి మనిషికి ఆ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆవిడ పుట్టింట్లోనో, తాతగారింట్లోనో సోమవారం ఒకడు, గురువారం ఒకడు వచ్చి భోంచేసి వెళ్లిన కథలు తప్పకుండా ఉంటాయి, అడిగి చూడండి. ప్రకాశం పంతులు గారు చిన్నతనంలో తండ్రి పోయి, తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడుపుతుంటే, వారాలు చేసుకుని చదువుకున్నవారే. ఆయనకు చదువు చెప్పిన ఇమ్మనేని హనుమంతరావు నాయుడు గారు రాజమండ్రికి మకాం మారుస్తూ ఆ కుర్రాడిని వెంటబెట్టుకుని వెళ్లారు. కన్న ఊరు కాని ఊళ్లో ఒక పెద్ద మనిషి చేరదీయడం మీ అత్తగారి ఊరికి కొత్తేమీ కాదు.

అయితే వారాల పద్ధతిలో ఒక చెడు కూడా ఉండేది, దాన్ని మాత్రం మీరు తెచ్చుకోకండి. కొందరి ఇళ్లలో ఆ పిల్లవాడికి అందరి తర్వాత వడ్డించేవారు, తిన్నందుకు నీళ్లు తోడించేవారు, పదేళ్ల తర్వాత కూడా ‘మా ఇంట్లో తిని పెరిగాడు’ అని పదిమందిలో చెప్పుకునేవారు. ఈ అబ్బాయి మీకు రుణపడి ఉండటానికి రావడం లేదు. తన కంచం తాను కడుక్కోవాలి, తన బట్టలు తాను ఉతుక్కోవాలి, చెత్త బయట పెట్టాలి. అది ఇంట్లో ఉన్న ఎవరైనా చేసే పని, అన్నానికి బదులు కాదు.

అమ్మాయి సంగతికి వస్తాను. మీ అత్తగారి ప్రశ్నను చాదస్తమని కొట్టిపారేయకండి. అమెరికాలో పుట్టి పెరిగిన తల్లులూ అదే ప్రశ్న అడుగుతారు, కాకపోతే జట్టు వాళ్లను అడుగుతారు. మీరూ అడగండి. ఈ కుర్రాడి గురించి అతని కాలేజీ కోచ్ ఏమన్నాడు, ఇంట్లో ఇబ్బంది వస్తే అర్ధరాత్రి ఎవరికి ఫోను చేయాలి, మీకు కుదరకపోతే ఎన్నాళ్లలో వేరే ఇంటికి మారుస్తారు? ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పని జట్టుకు ఇల్లు ఇవ్వకండి. గది విషయంలో, అతనిది కింది అంతస్తులోనో బేస్‌మెంట్‌లోనో ఉండాలి, స్నానాలగది వేరుగా ఉండాలి. వేరే స్నానాలగది లేకపోతే ఇంకేమీ ఆలోచించకుండా కాదనేయండి, మొహమాటపడాల్సిన సంగతి కాదది. అమ్మాయి, అతను ఇద్దరే ఇంట్లో ఉండే పరిస్థితి రానివ్వకండి. ఈ వేసవి మీ అత్తగారు ఇంట్లోనే ఉంటారు కనుక అది మీకు ఎవరికీ లేని వెసులుబాటు. ఇదంతా అమ్మాయికి చాటున కాకుండా ఆమె ఎదుటే మాట్లాడండి. ఆమెకు ఇష్టం లేదంటే అక్కడితో ఆపేయండి. పద్నాలుగేళ్ల పిల్ల తన ఇంట్లో రెండు నెలలు ఒదిగి ఒదిగి తిరగడం ఏ ఆట కోసమూ అక్కర్లేదు.

ఇక్కడ మన వాళ్లు ఇచ్చే ఒక సలహా మీ దాకా వచ్చే ఉంటుంది: ‘అన్నయ్య అని పిలవమను, గొడవ ఉండదు.’ నాకు ఆ మందు మీద నమ్మకం లేదు. వరస కలిపినంత మాత్రాన గది గోడలు లేవవు. అతన్ని పేరుతోనే పిలవనివ్వండి. మీ అత్తగారిని మాత్రం అతను రెండో వారానికల్లా మీ పిల్లల్లాగే ‘నాన్నమ్మ’ అని పిలవడం మొదలుపెడతాడు, ఆపలేరు.

తిండి గురించి మీరు భయపడుతున్నారు గానీ అది అన్నిటికన్నా తేలిక. మీ ఇంట్లో మాంసం వండరనీ, తినరాదనీ ముందే జట్టు వాళ్లకు చెప్పండి, వాళ్లు అతనికి చెబుతారు. అతను బయట తినవచ్చు. గ్యారేజీలో ఒక చిన్న ఫ్రిజ్ పెట్టి, అది అతనిదనీ, అందులో ఏముందో మీరు చూడరనీ చెప్పండి. మీ అత్తగారి మడికీ అతని ఆకలికీ మధ్య ఆ గ్యారేజీ తలుపే సరిహద్దు. ఆటలు సాయంత్రం. ఫ్లడ్‌లైట్లు లేని మైదానాల్లో పొద్దు ఉండగానే మొదలుపెడతారు, లైట్లు ఉన్నచోట ఇంటికి వచ్చేసరికి రాత్రి పది దాటుతుంది. అప్పుడు ఆకలి నకనకలాడుతూ వస్తాడు. మీరు లేచి వేడిగా వడ్డించాలని చూడకండి. పెద్ద గిన్నెలో రాజ్మానో సెనగల కూరో, అన్నం, పెరుగు, గుడ్లకు మీ ఇంట్లో అభ్యంతరం లేకపోతే ఉడకబెట్టిన గుడ్లు. వేడి చేసుకునే పద్ధతి ఒకసారి చూపిస్తే చాలు. పెసరట్టు మీద నా సొంత అనుభవం చెబుతాను. రెండో ఏడు వచ్చిన కుర్రాడు మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ పొద్దున ఆరు పెసరట్లకు తక్కువ తినలేదు. అందులో మాంసకృత్తులు ఎన్ని గ్రాములని లెక్క అడిగాడు గానీ పేరు మాత్రం చివరిదాకా పలకలేకపోయాడు.

పొద్దున అంటే పదిన్నరకు. ఈ సంగతి మీ అత్తగారికి తప్పకుండా ముందే చెప్పండి. బారెడు పొద్దెక్కేదాకా పడుకునే మగపిల్లవాడిని చూస్తూ ఊరుకోవడం ఆవిడకు మాంసం కన్నా కష్టం. రాత్రి పన్నెండుకు పడుకున్న మనిషి పదికి లేస్తే అది బద్ధకం కాదు, మరునాటి ఆటకు తయారీ.

ఇంటికి రాగానే ‘ఈ రోజు ఎన్ని హిట్లు కొట్టావు?’ అని అడగవద్దని మీ బాబుకూ, మీ వారికి ఇంకా గట్టిగానూ చెప్పండి. బేస్‌బాల్‌లో పదిసార్లలో మూడుసార్లు హిట్ కొట్టినవాడు గొప్ప బ్యాటర్ కింద లెక్క. అంటే ఎంత గొప్పవాడైనా ఎక్కువసార్లు ఓడిపోయే ఇంటికి వస్తాడు. కాలేజీలో లోహపు బ్యాటుతో చెలరేగిపోయినవాడు ఇక్కడ కొయ్య బ్యాటుతో వరసగా నాలుగు రోజులు బంతి తగలక, బ్యాటు విరిగి, కుదేలై వచ్చే రోజులుంటాయి. మన పిల్లలు పరీక్ష రాసి గుమ్మంలోకి రాగానే మార్కుల లెక్క అడిగే అలవాటు మనది. ఆ కుర్రాడికి మీ ఇల్లు ఎందుకు కావాలంటే, దేశం మొత్తం మీద ఆ ప్రశ్న అడగని చోటు అదొక్కటే కనుక. అతను చెబితే వినండి. లేకపోతే మీ బాబు పెరట్లో వేసే బంతులు అతన్ని పట్టుకోమనండి, చాలు.

దీనికి తోడు ఇంకో జాగ్రత్త ఉంది, దాన్ని మన వాళ్లు అసలు పట్టించుకోరు. అతని ఒంటి నొప్పుల గురించి బయట మాట్లాడకండి. ‘మా ఇంట్లో ఉన్న పిచర్‌కు (బంతి విసిరే ఆటగాడికి) మోచెయ్యి నొప్పిగా ఉందట, పాపం’ అని మీరు వాట్సాప్ గుంపులో జాలితో పెట్టిన మాట స్కౌటు చెవిన పడితే, వృత్తి జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే, జులైలో జరిగే డ్రాఫ్ట్‌లో ఆ కుర్రాడి విలువ పడిపోవచ్చు. పిచర్‌కు మోచేతి స్నాయువు తెగిందంటే శస్త్రచికిత్స, ఏడాదికి పైగా విశ్రాంతి. మీ వారు డాక్టరు కనుక ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అతను సలహా అడిగితే జట్టు వైద్య సిబ్బంది దగ్గరికి పంపడమే తప్ప, వంటగదిలో చెయ్యి వంచి చూడటం వద్దు.

చట్టం సంగతులు రెండు, త్వరగా చెప్పేస్తాను. అమెరికాలో 21 ఏళ్లు నిండేదాకా మద్యం తాగరాదు. మీ రాష్ట్రంలో, ఆ వయసు రానివారు మీ ఇంట్లో మీకు తెలిసి తాగితే బాధ్యత ఇంటి యజమానిదే. ఇరవై ఏళ్ల కుర్రాడికీ, అతని కోసం వచ్చే తోటి ఆటగాళ్లకూ ఇది ఇంటి నియమంగా మొదటి రోజే చెప్పాలి. రెండోది కారు. మీ బీమా కంపెనీతో మాట్లాడకుండా తాళం చెవులు ఇవ్వకండి, కిరాణా కొట్టు దాకానే అయినా సరే.

పెట్టుపోతల దగ్గర మీ అత్తగారితో చిన్న తగువు వస్తుంది. వెళ్లేటప్పుడు బట్టలు పెట్టి, చేతిలో నూటొక్క డాలరు పెట్టాలంటారు. కాలేజీ ఆటగాళ్లు ఎవరి దగ్గర ఏం తీసుకోవచ్చో, కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నియమాలున్నాయి. 2021 నుంచి తమ పేరు మీద సంపాదించుకునే వీలు వచ్చింది గానీ, అంతమాత్రాన ఎవరైనా ఏదైనా ఇచ్చేయవచ్చని కాదు. డబ్బు, ఫోను, విమానం టిక్కెట్టు లాంటివి ఏమైనా ఇవ్వాలనిపిస్తే ముందు జట్టు వాళ్లను అడగండి. చేతిలో డబ్బు బదులు సున్నుండల డబ్బా పెట్టమనండి. మీ దగ్గరకు వచ్చే డబ్బు గురించి కూడా, ఖర్చుకు ఏమైనా ఇస్తారా లేదా అన్నది మొదటే తేల్చుకోండి. ఇవ్వరంటే నెలకు మీ కిరాణా ఖర్చు ఎంత పెరుగుతుందో లెక్క వేసుకుని, అది మీకు బరువు కాదనుకుంటేనే ఒప్పుకోండి. చేతి ఖర్చు చేసి ఆ తర్వాత లోలోపల గొణుక్కునే ఆతిథ్యం ఎవరికీ మంచిది కాదు.

మీ బాబును మాత్రం ముందే సిద్ధం చేయాలి. ఈ లీగులో కొందరు కుర్రాళ్లు మొదటి కొన్ని వారాలకే తాత్కాలికంగా వస్తారు. ఒమాహా నగరంలో జరిగే కాలేజీ ప్రపంచ సిరీస్ (కాలేజీ జట్ల జాతీయ పోటీ) ముగించుకుని అసలు ఆటగాళ్లు వచ్చేసరికి వీళ్లు సంచి సర్దుకోవాలి. మిగిలినవాళ్లలో కూడా డ్రాఫ్ట్‌లో పేరు వచ్చిందనో, ఇక చాలని కాలేజీ కోచ్ పిలిచాడనో సగంలోనే వెళ్లిపోయేవాళ్లుంటారు. మీకు వచ్చే అబ్బాయి తాత్కాలికమా, సీజన్ అంతానా అని ఇప్పుడే అడగండి. మా మొదటి కుర్రాడు ఒక మంగళవారం పొద్దున ఫోను రాగానే మధ్యాహ్నానికి వెళ్లిపోయాడు. ఎనిమిదేళ్ల మా చిన్నవాడు ఆడుకుని వచ్చేసరికి గది ఖాళీ. మంచం మీద అతని పాత గ్లవ్ ఒకటి, చీటీ ఒకటి ఉన్నాయి. వాడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆ గ్లవ్ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఆ కుర్రాడు వృత్తి ఆటలో పైకి రాలేదు, ఎక్కడో బళ్లో పిల్లలకు ఆట నేర్పుతున్నాడు. పెళ్లికి పిలిచాడు, వెళ్లాం. నన్ను వాళ్ల అమ్మ పక్కన కూర్చోబెట్టారు. ఆవిడ మొదట అడిగింది శ్రావణ శుక్రవారం కోడి కథే.

ఆ తల్లి సంగతి గుర్తొచ్చింది కనుక ఇది కూడా. అబ్బాయి రాకముందే వాళ్ల అమ్మతో ఒకసారి ఫోనులో మాట్లాడండి. మీకు అతని గురించి ఎంత భయమో, ఊరూ పేరూ తెలియని మన ఇంటికి కొడుకును పంపుతున్న ఆవిడకూ అంతే భయం. అతనికి పడని పదార్థాలేమిటో అడగండి, ముఖ్యంగా వేరుశనగలు, జీడిపప్పు. మన వంటల్లో ఆ రెండూ ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి. మీ అత్తగారిని కూడా ఆ ఫోను దగ్గర కూర్చోబెట్టండి. భాష రాకపోయినా ఫరవాలేదు, మీరు తర్జుమా చేయండి. ఊరు, పేరు, తల్లి గొంతు తెలిశాక ఆవిడ అభ్యంతరం సగానికి సగం తగ్గుతుందని నా అంచనా.

తగ్గకపోతే మళ్లీ రాయండి. ఈ లోపల గ్యారేజీలో పాత ఫ్రిజ్ ఏదైనా ఉంటే అది పని చేస్తోందో లేదో చూసుకోండి.